కాలిన చెయ్యి, కాలని చెయ్యి

మావాళ్లకు పోలీసుల మీద కన్నా కర్పూరం మీద నమ్మకం ఎక్కువ. తిరువొత్తియూరులో రైలు పట్టాలకూ సముద్రానికీ మధ్య ఇరుక్కున్న వీధి మాది. అందులో తరతరాలుగా తెలుగువాళ్లం ఉన్నాం. ఎప్పుడొచ్చామంటే ఎవరికీ తెలియదు, ఎందుకొచ్చామంటే తలా ఒక కథ చెబుతారు. బయట తమిళం, ఇంట్లో తెలుగు, కోపం వస్తే రెండూ. కర్పూరాన్ని మేము కూడా సూడం అనే అంటాం, మాటను నొక్కి చెప్పాలంటే చివర తమిళంలోలా దా తగిలిస్తాం. ఇంట్లో వస్తువు పోయినా, ఎవరి మీదైనా నింద పడినా, వీధి చివర ఉన్న భజన మందిరంలో పళ్లెంలో సూడం వెలిగిస్తారు. నింద పడ్డవాడు ఆ మంటను అరచేత్తో అదిమి ఆర్పి, "నేను చెయ్యలేదు" అని సత్యం చెయ్యాలి. తప్పు చేయనివాడి చెయ్యి కాలదని నమ్మకం.

చిన్నప్పుడు నేనూ నమ్మాను. ఇప్పుడు ఆ ఇత్తడి పళ్లెం గుర్తొస్తేనే తీసుకుపోయి సముద్రంలో విసిరేయాలనిపిస్తుంది. పళ్లెం ఏం చేసింది పాపం అంటారా, దాని చుట్టూ నిలబడ్డవాళ్లను విసిరేయలేను కదా.

ముందు మా తమ్ముడి సంగతి చెప్పాలి. నాకంటే బాగా చిన్నవాడు. వాడు కడుపులో ఉన్నప్పుడే మా నైనా పోయాడు, కాబట్టి సగం నేనే పెంచాను. ఎన్నూరు రోడ్డులో లారీ బ్యాటరీల షాపులో పని చేసేవాడు. వాడికి ప్రేమ వచ్చినా వరదే, కోపం వచ్చినా వరదే. స్నేహితుడు ఒక పూట ఫోను ఎత్తకపోతే తనను వదిలేశాడని తిట్టి ఏడుస్తాడు, మరుసటి పూట వాడే ఫోను చేస్తే పొద్దున తిట్టిన నోటితోనే దేవుడంటాడు. కోపం వస్తే గొంతు వీధి చివరిదాకా వినిపిస్తుంది. పగలగొట్టేది మాత్రం తన ఫోనే, కోసుకునేది తన చెయ్యే. మోచేతి కింద బ్లేడు గీతలు ఉంటాయి. అందుకే మద్రాసు ఎండల్లో కూడా వాడు పొడుగు చేతుల చొక్కా వేసుకుంటాడు.

ఒకసారి కోత లోతుగా పడింది. ప్రభుత్వాసుపత్రికి తీసుకుపోతే, కుట్లు వేసి మానసిక వైద్యుల దగ్గరికి పంపారు. అక్కడి డాక్టరమ్మ వాడితో చాలాసేపు మాట్లాడి, బార్డర్‌లైన్ పర్సనాలిటీ డిజార్డర్ అంది. దాన్ని మన పత్రికల్లో వ్యక్తిత్వ లోపం అని రాస్తారు. ఆ మాట రాసినవాణ్ణి ఎదురుగా కూర్చోబెట్టుకుని నాలుగు అడగాలని నాకు చాలాకాలంగా ఉంది. మోకాలు అరిగితే మోకాలి నొప్పి అంటారు, గుండె సరిగ్గా కొట్టుకోకపోతే గుండెజబ్బు అంటారు. మనసు అదుపు తప్పితే మాత్రం మనిషిలోనే లోపమట. డాక్టరమ్మ తమిళంలో నాకు చెప్పింది ఒక్కటే గుర్తు: "ఇతని కోపం చూసి మీరంతా భయపడతారు. కానీ ఆ కోపం దెబ్బ ఎక్కువగా తినేది ఇతనే." మందులు ఇచ్చింది, వారం వారం మాట్లాడడానికి రమ్మంది. వాడు పోయేవాడు. మెల్లగా కోతలు తగ్గాయి. మందుల వల్ల చేతులు కొంచెం వణికేవి, కానీ షాపులో పని మానలేదు.

మా అమ్మ ఈ సంగతి కడుపులో దాచుకోలేక మా పెద్దనైనా కొడుక్కి చెప్పింది.

ఆయన నాకు అన్న వరస. ఒకే కాంపౌండులో పోర్షన్లు మావి. నోట్లో బెల్లం గడ్డ పెట్టుకుని పుట్టాడని మా వీధిలో అనేవారు. శనివారం భజనలో తాళం ఆయనదే, ఎవరికి జ్వరం వచ్చినా ఆటో పిలిచేది ఆయనే, లారీ నీళ్లు వచ్చినప్పుడు ముసలివాళ్ల బిందెలు మోసేది ఆయనే. గొంతు పెంచగా ఎవరూ వినలేదు. తమ్ముణ్ణి బండి మీద ఆసుపత్రికి తీసుకుపోతానని తనే ముందుకొచ్చాడు, చాలాసార్లు తీసుకుపోయాడు కూడా. మా అమ్మ ఆయనకు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. నాకు మాత్రం పాత సంగతి ఒకటి ఎప్పుడూ గుర్తుండేది. మా నాయనమ్మ పోయిన రోజు అందరికంటే గట్టిగా ఏడ్చింది ఆయనే. శవం లేచాక కుళాయి దగ్గర మొహం కడుక్కుని, పక్కనే నిలబడ్డ నన్ను క్రికెట్ స్కోరు ఎంతని అడిగాడు. అంతసేపు ఏడ్చిన కళ్లలో ఎరుపు కూడా లేదు. గట్టి మనిషి అనుకున్నాను అప్పుడు.

మా అత్త, అంటే మా నైనా చెల్లెలు, మామ పోయాక మా కాంపౌండులోనే మేడ మీద పోర్షన్లో ఉంటుంది. నోరు మంచిది కాదు, మనసు మంచిదే అంటారు. నోరు బాగాలేక మనసు బాగుంటే ఎదుటివాడికి ఏం లాభమో నాకు తెలియదు. ఒక రోజు పొద్దున బోరింగు పంపు దగ్గర నీళ్లు పట్టుకుంటూ, నలుగురి ముందూ మా తమ్ముడితో అంది: "నీ చేతులు చూస్తే ఏ పిల్ల నీ దగ్గిర నిలుస్తదిరా? పావం, మీ అమ్మ కర్మ." వాడు బిందె తన్నాడు. "నిన్ను చంపేస్తా" అని అరిచాడు. వీధి వీధంతా విన్నది. తర్వాత షాపుకు పోకుండా లోపలికొచ్చి మంచం మీద పడి ఏడ్చాడు. ఆ ఏడుపు మా అమ్మ ఒక్కతే చూసింది.

అదే రోజు ఎండ ఎక్కాక అత్త మేడ మీద వంగి వడియాలు పెడుతుంటే, వెనకనుంచి ఎవరో మెడలో గొలుసు లాగి తోసేశారు. తల పిట్టగోడకు తగిలింది, తుంటి ఎముక విరిగింది. తోసినవాడి మొహం అత్త చూడలేదు. గేటు వేసే ఉంది, బయటివాళ్లెవరూ రాలేదని ఎదురింటివాళ్లు చెప్పారు. అంటే ఇంట్లోవాళ్లే. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని మనవాళ్లే సామెత చెబుతారు, మళ్లీ మనవాళ్లే పట్టమని దేవుడి దగ్గరికి పోతారు. కాంపౌండుకంతా పెద్దవాడైన మా పెద్దనైనా, పోలీసులొస్తే పరువు పోతుందన్నాడు. ఆసుపత్రిలో జారి పడిందని చెప్పించాడు. మగవాళ్లంతా మందిరంలో సూడం ఆర్పాలన్నాడు.

నాకు ఫోను వచ్చేసరికి షోళింగనల్లూరులో ఆఫీసులో ఉన్నాను. అక్కడినుంచి తిరువొత్తియూరు అంటే ఊరికి ఆ కొస నుంచి ఈ కొసకి. క్యాబూ రైలూ పట్టుకుని వచ్చేసరికి మందిరం నిండా జనం. మగవాళ్లు వరసలో ఉన్నారు, ఆడవాళ్లు వెనక. మొదట అన్న వచ్చాడు. చొక్కా చెయ్యి పైకి మడిచి, దేవుడికి దండం పెట్టి, చంటిపిల్ల బుగ్గ మీద తట్టినట్టు ఆ మంట మీద తట్టాడు. ఆరిపోయింది. "రామయ్య సాక్షిగా నేను తియ్యలేదు" అని చెయ్యి కళ్లకద్దుకున్నాడు. గొంతు వణకలేదు, రెప్ప కూడా వెయ్యలేదు. తర్వాత మా తమ్ముణ్ణి పిలిచారు.

వాడి చేతులు అసలే మందులకు వణుకుతుంటాయి. వాడు పళ్లెం వైపు చూడలేదు. చుట్టూ మొహాలు చూశాడు. ఒక్కొక్క మొహమే చూసి, "అందురూ నేనే అనుకొంటాండారు కదా" అన్నాడు. ఎవరూ కాదనలేదు. ఒక్కరు, ఒకే ఒక్కరు "లేదురా" అని ఉంటే చాలేది. వాడు ఏడుస్తూ మంట మీద చెయ్యి పెట్టాడు. అదిమి ఆర్పలేదు. మంట అరచేతికి తగిలేటట్టు చెయ్యి పట్టుకుని, అలాగే ఉంచేశాడు. నేను జనాన్ని తోసుకుని పోయి చెయ్యి లాగేసరికి చర్మం ఊడి వచ్చింది. ఆ వాసన ఇప్పటికీ హారతి ఇచ్చే చోట నిలబడనివ్వదు నన్ను.

"సూడం చెప్పేసింది. ఇంకేంది చెప్పాల్సింది?" అన్నాడు మా పెద్దనైనా.

ఆ మందిరంలో ఉన్న అందరికీ వాడి ముంజేతుల సంగతి తెలుసు. వాణ్ణి చిన్నప్పటినుంచి చూస్తున్నారు. బాధ తట్టుకోలేకపోతే వాడు తన ఒంటినే శిక్షించుకుంటాడని తెలుసు. అది తెలిసి కూడా, వాడి కాలిన చేతిని దేవుడి తీర్పు అనుకున్నారు. పట్టించుకోనివాడి చెయ్యి కాలలేదు, బాధపడేవాడి చెయ్యి కాలింది, అంతే జరిగింది అక్కడ. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకుంటాడంటారు. ఎంత తెలివిలేని సామెత అది! మా తమ్ముడు ఎక్కడ ఏది పోయినా భుజాలు తడుముకునే రకం. బళ్లో ఎవడి పెన్సిల్ పోయినా వాడి మొహం ముందు ఎర్రబడేది. నిజంగా గుమ్మడికాయ ఎత్తినవాడు, భుజం మీద బూడిద ఉన్నా దులుపుకోకుండా నిలబడగలిగినవాడు, ఈ సామెతకు ఎప్పుడూ దొరకడు. తప్పు చేస్తే భయపడతారని మనకు ఎవరు చెప్పారు? మనం భయపడతాం కాబట్టి అందరూ భయపడతారనుకున్నాం. మన సూడం, మన సామెతలు, మన ఒట్లు అన్నీ భయం ఉన్నవాళ్లనే పట్టుకుంటాయి.

పోలీసులు వద్దన్న పెద్దనైనా మనసు మార్చింది అన్నే. "వాడికి జబ్బు. స్టేషన్‌లో చెప్తే వాళ్లే వైద్యానికి పంపిస్తారు నైనా. వాడి మంచికేదా చెప్తాండా" అన్నాడట. మరునాడు తమ్ముణ్ణి బండి మీద వెనక కూర్చోబెట్టుకుని, కట్టు కట్టిన చేతిని జాగ్రత్తగా చూసుకోమని చెబుతూ, తనే తీసుకుపోయాడు. నేను వెనకాల ఆటోలో పోయాను. ఇన్‌స్పెక్టర్‌తో ఆయన తమిళంలో చెప్పిన మాటలు నా చెవులతో విన్నాను. పాపం సార్, మెంటల్ సార్, పర్సనాలిటీ డిజార్డర్, కోపం వస్తే ఏం చేస్తాడో వాడికే తెలియదు, దయచేసి కొట్టొద్దు సార్.

కొట్టొద్దన్న ఆ ఒక్క మాటతో స్టేషన్‌లో అందరూ ఆయన్ని దేవుడిలా చూశారు. ఇంక వాళ్లకు వేరే సాక్ష్యం అక్కర్లేకపోయింది. కుక్కను కొట్టి చంపాలంటే ముందు పిచ్చిదని పేరు పెట్టాలంటారు. మా అమ్మ నమ్మి చెప్పిన పేరే దానికి పనికొచ్చింది.

"జబ్బుంటే దొంగేనా సార్?" అని అడిగాను నేను.

"చంపేస్తానన్నది ఎవరమ్మా? చేతులు కోసుకునేది ఎవరు? తన చెయ్యే కోసుకునేవాడికి ముసలమ్మ ఒక లెక్కా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

ఈ లెక్క ఎంతమంది నోట విన్నానో. మా ఆఫీసులో పక్క సీటు అమ్మాయి కూడా, జాలిగానే, ఇదే అంది. తనను తాను గాయపరుచుకునేవాడు పక్కవాణ్ణి ఇంకా సులువుగా గాయపరుస్తాడని చదువుకున్నవాళ్లు కూడా నమ్ముతారు. ఉపవాసం ఉన్నవాడు ఊరందరి అన్నం లాక్కుంటాడన్నట్టు ఉంటుంది.

గొలుసు దొరకలేదు కాబట్టి వాణ్ణి ఒకటే ప్రశ్న అడిగారు. ఎక్కడ దాచావు. స్టేషన్‌లో అడిగారు, జైల్లో అడిగారు, చూడ్డానికి వచ్చిన బంధువులూ అడిగారు. ఇచ్చేస్తే అయిపోతుంది కదా నైనా, ఎక్కడ పెట్టినావో గుర్తు తెచ్చుకో, అని బుజ్జగించి అడిగారు. బెయిలు మీద ఇంటికొచ్చేసరికి మనిషి సగమయ్యాడు. షాపువాళ్లు పనిలోకి వద్దన్నారు. డాక్టరమ్మ దగ్గరికి రానన్నాడు. ఎవరితోనూ మాట్లాడడు. రోజంతా ఇంట్లో ఏదో వెతుకుతూ ఉండేవాడు. బియ్యం డబ్బాలో మోచేతిదాకా చెయ్యి పెట్టి కెలికేవాడు. గ్యాసు సిలిండరు వెనక చూసేవాడు. దేవుడి పటాలు దించి వెనక తడిమేవాడు, అటక మీది ట్రంకు పెట్టెలో పాత చీరలన్నీ విప్పి మళ్లీ మడతపెట్టేవాడు. ఏంది వెతుకుతాండావురా అంటే జవాబు లేదు. బ్లేడ్ల కోసమని మా అమ్మ భయపడి, కత్తిపీట తీసుకుపోయి పక్కింట్లో పెట్టింది. కూరగాయలు అక్కడే తరుక్కుని తెచ్చుకునేది.

ఆ రోజుల్లో నాకు వచ్చినంత కోపం ఎప్పుడూ రాలేదు. ఆఫీసులో ఉద్యోగాలకు వచ్చేవాళ్లకు పర్సనాలిటీ టెస్టు పెట్టే పని నాది. ఒత్తిడిలో కూడా ప్రశాంతంగా ఉంటారా? ఎదుటివారిని సులువుగా ఒప్పించగలరా? జరిగిపోయిన దాన్ని త్వరగా మరిచిపోగలరా? కంప్యూటరు మీద ఆ ప్రశ్నలు కనిపించినప్పుడల్లా మా అన్న మొహం కనిపించేది. అన్నిటికీ ఫస్టు మార్కు ఆయనకే. మా తమ్ముడు మొదటి ప్రశ్నలోనే బయటికి పోతాడు. అన్న మీద నాకు అనుమానం అప్పటికే ఉంది, ఆధారం మాత్రం లేదు. ఫోనులో జబ్బుల లక్షణాలు వెతికి చదివాను. జాలి ఉండదు, పశ్చాత్తాపం ఉండదు, తీయగా మాట్లాడతారు, అబద్ధానికి తడబడరు. ఒక్కొక్కటీ ఆయనకు అతికినట్టు సరిపోయింది. పట్టుకుపోయి డాక్టరమ్మ ముందు పెట్టాను. అసలు జబ్బు మా తమ్ముడిది కాదు, ఈయనది, మీరు చెప్పండి అన్నాను.

ఆమె తలెత్తి చూసి, తాను చూడని మనిషికి జబ్బు పేరు పెట్టనంది.

"అలాంటివాళ్లు ఉంటారు కదా డాక్టర్?"

ఉంటారంది. జాలీ భయమూ తక్కువగా ఉండేవాళ్లు ఉంటారు, వాళ్లలో కొందరు నేరాలు చేస్తారు, చాలామంది చేయరు. ఏ జబ్బూ లేకుండా నేరాలు చేసేవాళ్లు వీళ్లందరికంటే ఎక్కువ. "మీ తమ్ముడికి జబ్బుంది కాబట్టి దొంగ అన్నారని మీకు కోపం. ఇప్పుడు మీరు దొంగ అనుకుంటున్న మనిషికి జబ్బుందంటున్నారు. రెండూ ఒకటే పని కదమ్మా" అంది.

ఆమె మీద కూడా కోపం వచ్చింది నాకు. రైల్లో కూర్చుని కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. తిరువొత్తియూరు వచ్చేసరికి ఆమె చెప్పింది నిజమేనని తెలిసింది, తెలిసినందుకు కోపం ఇంకా పెరిగింది.

తర్వాత కొన్ని నెలలకు అన్న దొరికిపోయాడు. ఎన్నూరు వైపు ఒక వీధిలో ముసలమ్మ ఒక్కతే ఉండే ఇంట్లోకి మంచినీళ్లు అడుగుతూ వెళ్లి, అదే పని చేశాడు. ఎదురుగా ఉన్న సెల్‌ఫోను షాపు కెమెరాలో పడ్డాడు. పోలీసులు ఆయన్ని పట్టుకుని తీగ లాగితే మా అత్త గొలుసు కుదువ కొట్లో దొరికింది. మా కాంపౌండు గేటు ముందు జీపు ఆగినప్పుడు మా వీధివాళ్లు తమ్ముణ్ణి మళ్లీ తీసుకుపోవడానికి వచ్చారనే అనుకున్నారు. మా అత్త చాలా రోజులు ఒకే మాట పట్టుకుని ఏడ్చింది. "నేను ఆసుపత్రిలో ఉన్నన్ని దినాలు ఆ అబ్బోడుదా ఇడ్లీ తెచ్చి నోట్లో పెట్టినాడు. ఆ చేత్తోనే పెట్టినాడు." మా అమ్మ తమ్ముడి పక్కన కూర్చుని, నువ్వు కాదని తేలిపోయింది నైనా, మీ అన్నను పట్టుకున్నారు, అని చెప్పింది. వాడు గంతులేస్తాడనుకున్నాం. "ఓ" అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

పోయిన ఆదివారం పొద్దున మా పెద్దనైనా, అన్న భార్య, భజన మందిరం పెద్దాయన కలిసి మా ఇంటికొచ్చారు. తమ్ముడికి క్షమాపణ చెప్పడానికి వచ్చారేమోనని మా అమ్మ కుర్చీలు తుడిచింది, కాఫీ పెట్టింది. నేనూ అలాగే అనుకున్నాను, సిగ్గులేకుండా కొంచెం మెత్తబడ్డాను కూడా.

పెద్దనైనా కాఫీ ముట్టుకోలేదు. "అమ్మా, ఆ డాక్టరమ్మ నీకు బాగా తెలుసు కదా" అని నాతో మొదలుపెట్టాడు. "మావాడికి కూడా అదే జబ్బు ఉండాదని అనుమానంగా ఉండాది. చిన్నప్పటినుంచే ఉండాది, మేమే కనిపెట్టలేకపోయినాము. వక్కీలు ఏమంటాండాడంటే, ఆ పర్సనాలిటీ అదేందో ఉండాదని ఒక సర్టిఫికెట్ ఉంటే కేసు మెత్తబడతదంట. నువ్వు ఒక మాట చెప్తే ఆమె ఇస్తది."

ముందు నాకు నవ్వొచ్చింది. ఒకే మాట. మా తమ్ముడి నెత్తిన వేస్తే దొంగ అయ్యాడు. వాళ్లబ్బాయి నెత్తిన వేస్తే రోగి కావాలి. అదే మాట వాడికి సంకెళ్లు వేసింది, అన్నకు ఊడదీయాలట. ఇంత కాలం ఆ మాటను ఉమ్మినట్టు పలికిన నోళ్లు, ఇప్పుడు ప్రసాదం అడిగినట్టు అడుగుతున్నాయి.

"ఆయన సూడం ఆర్పినాడు కదా పెద్దనైనా. చెయ్యి కాలలేదు కదా. మరి కేసేంది?" అన్నాను.

మందిరం పెద్దాయన, "జరిగిపోయింది తల్లీ, దాన్ని తవ్వుకుంటే ఏమొస్తది" అన్నాడు. వదిన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడుస్తోంది. ఆమె ఏడుపు నిజం. ఆమె బిడ్డలు బళ్లో తలెత్తుకోలేకపోతున్నారని కూడా నాకు తెలుసు. జాలి వేసింది. ఆ జాలికి లొంగకూడదనుకున్నాను, ఎందుకంటే మా తమ్ముడి మీద ఇందులో సగం జాలి ఎవరికీ కలగలేదు.

"జబ్బుంటే జైల్లో కూడా డాక్టర్లు వస్తారు, వాళ్లు చూస్తారు" అన్నాను. "నిజంగా ఉంటే మందు ఇస్తారు. నేను అడ్డం రాను. అయితే జబ్బు ముసలమ్మ మెడలో గొలుసు లాగదు. మావాడికి జబ్బుండాది, వాడు ఎవరి మెడా పట్టుకోలేదు. మీవాడికి ఉండాదో లేదో నాకు తెలీదు, వాడు పట్టుకున్నాడు. మీరు నన్ను సర్టిఫికెట్ అడిగే ముందు ఒక పని చెయ్యండి. ఆ రోజు ఎంతమంది ముందర మావాణ్ణి నిలబెట్టినారో, అంతమంది ముందర అదే మందిరంలో నిలబడి, వీడు చెయ్యలేదు, మేమే తప్పు చేసినాము అని చెప్పండి. పెద్దనైనా, మీరు చెప్పండి. మీ నోటితోనే."

"అట్లంతా నలుగురిలో చెప్తే..." అని పెద్దనైనా ఆగిపోయాడు. పరువు అనే మాట నోటిదాకా వచ్చిందని నాకు తెలిసింది. ఆయనకూ తెలిసింది.

అప్పుడు లోపలి గదిలోంచి మా తమ్ముడు వచ్చాడు. ఎవరన్నా ఇంటికొస్తే వాడు బయటికి రావడం మానేసి చాలా కాలమైంది. చొక్కా చేతులు మడిచి ఉన్నాయి, గీతలు కనిపిస్తున్నాయి. కుడి అరచేతిలో మచ్చ ఇంకా మెరుస్తూ ఉంది, ఆ వేళ్లు ఇప్పటికీ పూర్తిగా చాపలేడు. అరుస్తాడేమోనని అందరం బిగదీసుకుని కూర్చున్నాం, మా అమ్మ లేచి నిలబడింది. నాకైతే అరిస్తే బాగుండుననిపించింది. నా కోపమంతా వాడి గొంతులో వినాలనిపించింది.

వాడు అరవలేదు. పెద్దనైనా ఎదురుగా కింద కూర్చుని, చిన్నపిల్లవాడు పాఠం అడిగినట్టు అడిగాడు.

"పెద్దనైనా, అత్త చైను ఏడ దొరికింది?"

"కుదువ కొట్లో, నైనా" అన్నాడు ఆయన.

"మనింట్లో లేదా?"

"ఈడ ఎందుకుంటదిరా? ఆడనే ఉండింది, మొదటినుంచీ."

వాడు తన అరచెయ్యి చూసుకున్నాడు.

"మీరందురూ నేనే తీసినానంటే, తీసినానేమో, కోపంలో తీసి మరిచిపోయినానేమో అనుకొన్నా" అన్నాడు. "ఇచ్చేస్తే మీకు నా మీద కోపం పోతదని రోజూ ఇల్లంతా వెతికినా. యాడ పెట్టినానో గుర్తురాలా."

మా అమ్మ పక్కింటికి పోయి కత్తిపీట తెచ్చుకుంది.